అందింది, అర్థం కాలేదు

మా కాలేజీ ఆఫీసులో మూడు కిటికీలున్నాయి. మొదటి కిటికీలో ఫీజులు కట్టించుకుంటారు, రెండోదాంట్లో సర్టిఫికెట్లు ఇస్తారు, మిగిలిన సమస్త గోలా మూడోదానికి వస్తుంది. ఆ మూడోది నాది. ఇరవై మూడేళ్ళుగా అదే కుర్చీ, అవే ఇనప ఊచలు. పిల్లలు నన్ను పేరుపెట్టి పిలవరు, "మూడో కిటికీ" అంటారు. "ఇవాళ మూడో కిటికీ మంచి మూడ్‌లో ఉందిరా, ఇప్పుడే వెళ్ళి అడుగు" అని గుసగుసలాడుకోవడం నా చెవులతో నేనే విన్నాను. నాకు కోపం ఎక్కువే, ఒప్పుకుంటాను. సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే ముందు నా ముఖం చూస్తాడు, ఆ తర్వాతే చెప్పులు విప్పుతాడు.

కానీ నేను చెప్పబోయేది నా గురించి కాదు, సిగ్నలాయన గురించి. ఎవరికైనా చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో నా నాలుక దురద పెడుతోంది.

పోయినేడు కాలేజీ తెరిచిన మొదటి వారం. నా కిటికీ ముందు అరవైమంది పిల్లలు, ఒకరి మీద ఒకరు పడుతూ, అరుస్తూ. ఆ గుంపు మధ్యలో ఒకాయన, స్కేలు నిలబెట్టినట్టు నిటారుగా నిలబడి ఉన్నాడు. నలభై రెండేళ్ళుంటాయి. చొక్కా ఇస్త్రీ మడత చూస్తే వేలు తెగేలా ఉంది. ఎవరి తండ్రో పిల్లాడి సీటు కోసం వచ్చాడనుకున్నాను. ఆయన వంతు రాగానే రెండు మడమలూ టప్పున కొట్టి, "గుడ్ మార్నింగ్ మేడం!" అన్నాడు. నేను కుర్చీలో అంతెత్తున ఎగిరిపడ్డాను. చేతిలో టీ సగం రిజిస్టరు మీదకి పోయింది.

"ఏమయ్యా, చెవుడా నాకు? మీ అబ్బాయి ఏడీ?"

"అబ్బాయి లేడు మేడం. నేనే చేరడానికి వచ్చాను."

ఇరవై ఒక్క ఏళ్ళు సైన్యంలో చేశాడట. వైర్‌లెస్ ఆపరేటరు. చెవులకి ఫోన్లు తగిలించుకుని, ఎక్కడినుంచో వచ్చిన సందేశం రాసుకుని, ఇంకెక్కడికో పంపించే పని. సైన్యం నుంచి వచ్చేసినవాళ్ళు డిగ్రీలో చేరడానికి ఆ ఏడాదే మా కాలేజీలో వీలు కల్పించారు. ఆరుగురు చేరారు. ఈయనకి ఆరోజే సిగ్నలాయన అని పేరు పెట్టేశాను.

"ఈ వయసులో డిగ్రీ దేనికండీ?" అని అడిగాను. అడగకూడదు, తెలుసు. కానీ నా నోరు నా మాట వినదు.

"బడిలో లెక్కల మాస్టారు అవుదామని మేడం. నా చిన్నప్పుడు మా బడికి లెక్కల మాస్టారు లేడు. ఉన్న ఒక్కాయనా బదిలీ అయిపోయాడు. లెక్కలు రాక నేను సైన్యంలో చేరాను."

ఇంత సూటిగా సమాధానం చెప్పినవాడు ఇరవై మూడేళ్ళలో నా కిటికీ ముందుకి రాలేదు. నాకు నచ్చేశాడు. నచ్చినవాళ్ళ మీద నాకు కోపం ఇంకాస్త ఎక్కువ వస్తుంది, అది నా జబ్బు.

ఆ కోపం మొదటి రోజే వచ్చింది. దరఖాస్తు ఇచ్చి, "పైన పేరు, కింద చిరునామా, మూడో గడి ఖాళీగా వదిలేయండి, అది మేం నింపుతాం, అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది మేడం!" అన్నాడు. వరండా అంతా మారుమోగింది.

పావుగంటలో నింపి తెచ్చాడు. దరఖాస్తు నాలుగు పేజీలు. నాలుగు పేజీల్లోనూ మూడో గడి ఖాళీ! పుట్టిన తేదీ లేదు, సంతకం లేదు. నాకు ఒళ్ళు మండింది. "నేను చెప్పింది మొదటి పేజీ సంగతయ్యా!" అని అరిచాను.

"మీరు పేజీ సంగతి చెప్పలేదు మేడం," అని, కళ్ళు మూసుకుని అప్పజెప్పడం మొదలుపెట్టాడు. "పైన పేరు, కింద చిరునామా, ఒరేయ్ ఆ తలుపు మీద వేలాడకండిరా, మూడో గడి ఖాళీగా వదిలేయండి, అది మేం నింపుతాం, అర్థమైందా."

మధ్యలో ఎవరినో తిట్టిన తిట్టు కూడా వదలకుండా! వెనకాల పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను, ఏం చేయను. ఆ నవ్వులో పడి అసలు సంగతి నాకు తట్టలేదు.

చాలా ఏళ్ళ కిందట చదువు మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళకీ, బడిలో లెక్కలు సరిగ్గా చదవనివాళ్ళకీ మా దగ్గర 'పునాది లెక్కలు' అని ఒక పేపరు ఉంది. నూటికి నలభై వస్తే చాలు. కానీ మూడుసార్లలోపు గట్టెక్కాలి. మూడోసారి కూడా తప్పితే సీటు పోతుంది, ఇంక ఎవరు చెప్పినా వినరు. సిగ్నలాయనకి మొదటిసారి పంతొమ్మిది వచ్చాయి, రెండోసారి ఇరవై రెండు. జాబితా బోర్డుకి అంటించింది నేనే. ఆయన వచ్చి చూశాడు, చదివాడు, నిటారుగానే వెళ్ళిపోయాడు.

అంటే ఇంక ఒక్క పరీక్ష. అది పోతే మాస్టారుగిరీ లేదు, ఏమీ లేదు.

లెక్కల మేడం దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఆమె నాకన్నా దిగులుగా ఉంది. "నేనేం తప్పు చేస్తున్నానో తెలియట్లేదండీ. ప్రతి లెక్కా అవగానే అర్థమైందా అని అడుగుతాను. మొదటి బెంచీలోంచి ఆయనే అందరికన్నా గట్టిగా 'అర్థమైంది మేడం' అంటారు. ఆ గొంతుకి క్లాసంతా ఉలిక్కిపడి నోరు మూసుకుంటుంది. ఇంక నేను తర్వాత లెక్కకి వెళ్ళిపోతాను. తీరా పరీక్షలో చూస్తే ఏమీ ఉండదు!"

ఆ మర్నాడే ఒకావిడ కిటికీ దగ్గరికొచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది.

"అక్కా, నేను ఆ వైర్‌లెస్ ఆయన భార్యని. ఇంటి దగ్గర బట్టలు కుడతాను. ఆయన క్లాసులో ఎలా ఉంటున్నారో కనుక్కుందామని వచ్చాను. నేను వచ్చినట్టు చెప్పకండేం."

నా సర్వీసులో మొగుడి చదువు గురించి కనుక్కోవడానికి వచ్చిన పెళ్ళాన్ని అదే చూడటం. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"ఇంట్లో బాగా చదువుతారక్కా. నోట్సంతా అప్పజెప్తారు. పుస్తకం పట్టుకుని నేనే చూస్తాను, ఒక్క అక్షరం పొల్లుపోదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. 'నాన్నా, ఇక్కడ ఇలా ఎందుకు చేశావు' అని అడిగితే, 'మేడం చేశారు కాబట్టి' అంటారు. అది నెత్తి కొట్టుకుంటుంది." ఆవిడ కాసేపు టేపు చుట్టింది, విప్పింది. "ఈసారి కూడా తప్పితే ఆయన బయటికి ఏమీ అనరక్కా. అదే నాకు భయం."

నాకింక కాలు నిలవలేదు. మధ్యాహ్నం సిగ్నలాయనని ఆఫీసులోకి పిలిచి, నోటు పుస్తకం లాక్కుని, ఒక లెక్క మీద వేలు పెట్టాను.

"నిజం చెప్పండి. ఇది అర్థమైందా?"

"అర్థమైంది మేడం!"

"అయితే ఈ రెండో వరుస తర్వాత మూడో వరుస ఎందుకొచ్చింది?"

ఆయన వేలు రెండో వరుస నుంచి మూడోదానికి, మూడోదాని నుంచి రెండోదానికి తిరిగింది.

"మరి అర్థమైందన్నారుగా!"

"అందింది మేడం," అన్నాడు మెల్లగా. "పూర్తిగా అందింది. ఎక్కడా తెగలేదు."

అదిగో, అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది! ఆయన 'అర్థమైంది' అంటే మనం అనే అర్థమైంది కాదు. నీ మాట నాకు చేరింది, నీ పని అయిపోయింది, ఇంక నువ్వు వెళ్ళొచ్చు అని. సైన్యంలో పైవాడు అర్థమైందా అంటే కిందవాడు అనాల్సిన మాట అదొక్కటే. ఇంకో మాట అంటే ఊరుకోరు.

"పైగా మా పనే అంత మేడం," అన్నాడు. "మాకు వచ్చేవన్నీ అంకెలు. ఐదేసి అంకెల గుంపులు. వాటికి అర్థం ఏమిటో లోపలి గదిలోవాళ్ళు తేలుస్తారు. మేం ఊహించకూడదు. ఊహించడం మొదలుపెడితే చెయ్యి తడబడుతుంది. అంకెలు కనబడగానే బుర్ర మూసేసుకోవడం నేర్పారు. ఇరవై ఒక్క ఏళ్ళు అదే చేశాను."

లెక్కలు నేర్చుకోవాలని వచ్చినవాడికి, అంకె కనబడితే బుర్ర మూసుకోవడం నేర్పి పంపారు! దీనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా ఆయన ఇంకో సంగతి చెప్పాడు. ఒకరోజు పొద్దున్న రెండొందల గుంపులు వచ్చాయట. ఒక్క అంకె తప్పకుండా రాసుకుని పంపించాడు. ఆఫీసరు భుజం తట్టాడు. ఆ సాయంత్రం తెలిసిందట, అది చనిపోయినవాళ్ళ జాబితా అని. అందులో నాలుగేళ్ళు ఆయనతో ఒకే గుడారంలో పడుకున్న స్నేహితుడు ఉన్నాడు.

"నా చేత్తోనే పంపాను మేడం. అర్థం కాకపోవడమే మంచిదని ఆరోజు అనిపించింది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. బల్ల మీద ఒక్కటి చరిచాను. "రేపు ఒంటిగంటకి రికార్డు గదికి రండి! మీరొక్కరే కాదు, ఆరుగురూ రావాలి! భోజనం డబ్బాలు తెచ్చుకోండి!"

"అర్థమై..." అని నాలుక కరుచుకున్నాడు.

రికార్డు గది అంటే పాత ఫైళ్ళ కొట్టు. తాళం నా దగ్గరుంటుంది. బీరువాల మధ్య ఒక బల్ల, ఆరు కుర్చీలు ఇరికించాను. ఆరుగురూ సరిగ్గా ఒంటిగంటకి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చారు. అందులో ఒకాయన సైన్యంలో ఆరొందల మందికి వంట చేసినవాడు. ఒకాయన లారీ డ్రైవరు. ఒకావిడ సైనికాసుపత్రి నర్సు, నలభై ఐదేళ్ళు, మందుల మోతాదులు లెక్కగట్టీ గట్టీ ఆవిడకి లెక్కలు కొట్టిన పిండి. చెప్పే పని ఆవిడకి అప్పగించాను. అరిచే పని నాది.

"ఈ గదిలో 'అర్థమైంది' అనే మాట నిషిద్ధం. మాట చేరితే 'అందింది' అనండి. తర్వాత దాన్ని మీ సొంత మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే ఏమనాలి? 'అర్థం కాలేదు' అనాలి. ఏదీ, అందరూ లేచి ఒకసారి అనండి."

డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. వంటాయన "అర్థం..." దాకా వచ్చి దగ్గాడు. "వంటలో ఆ మాటంటే ఆరొందలమంది పస్తు మేడం," అన్నాడు. నర్సు, "నాకు సిగ్గేస్తోందండీ," అంది.

"బాంబులకి బెదరనివాళ్ళు రెండు ముక్కలకి బెదురుతారా! నోరు పెగలదేం!"

అప్పుడు సిగ్నలాయన మాకు వీపు పెట్టి, బీరువా వైపు తిరిగి, వైర్‌లెస్ గొంతుతో, ముక్కుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "అర్థం కాలేదు. మళ్ళీ పంపండి. ఓవర్."

అబ్బ, ఎంత నవ్వామో! పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వుతో అందరి గొంతులూ విడిపోయాయి. వంటాయన అన్నాడు, డ్రైవరు అన్నాడు, ఇంక ఆరుగురూ వరసలో నిలబడి కవాతులో అరిచినట్టు అరిచారు. పై అంతస్తులోంచి ప్రిన్సిపాల్ గారు ఏదో ఆందోళన మొదలైందనుకుని పరుగెత్తుకొచ్చారు. తలుపు తోసి, "ఏం జరుగుతోందిక్కడ?" అన్నారు.

"అర్థం కాలేదు సార్!" అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో. నేను ఒక ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

రికార్డు గదిలో అనడం వేరు, క్లాసులో అరవైమంది ముందు అనడం వేరు. వారం రోజులు ఎదురుచూశాను. ఎనిమిదో రోజు ఆగలేక, ఏదో సర్క్యులరు చేతిలో పట్టుకుని లెక్కల క్లాసు బయట నక్కాను. మేడం ఒక లెక్క పూర్తిచేసి, "అర్థమైందా?" అంది. క్లాసంతా ఆయన అరుపు కోసం చూస్తోంది. ఆయన లేచాడు. వెనకనుంచి చూస్తే మెడ మీద చెమట కనబడుతోంది.

"అర్థం కాలేదు మేడం."

మేడం చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "నాక్కూడా మేడం," అంది. "మాక్కూడా," అని ఇంకో మూల. చూస్తుండగానే సగం క్లాసు చేతులెత్తింది!

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అంది మేడం. దాదాపు ఏడుస్తోంది.

"అంకులు అంత గట్టిగా అర్థమైందంటుంటే, మేమే మొద్దులమేమో అనుకున్నాం మేడం!"

మేడం బోర్డంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. నేను సర్క్యులరు సంగతి మర్చిపోయి, వరండాలో దాదాపు గంతులేసుకుంటూ వెనక్కి వచ్చాను. రెండో కిటికీ ఆవిడ నన్ను చూసి, "ఏమిటి, జీతం పెరిగిందా?" అంది.

ఆ తర్వాత రెండు నెలలు ఎలా గడిచాయో! రోజూ ఒంటిగంటకి రికార్డు గది, నర్సు సుద్దముక్క, "అందింది", "అర్థం కాలేదు", మళ్ళీ "అర్థం కాలేదు". ఒకరోజు సిగ్నలాయన నా కిటికీ ముందు క్యూని దాటుకుని, పిల్లల్ని తోసుకుని వచ్చేశాడు. క్యూ తప్పడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. "మేడం! అంకెని అటువైపు పంపితే దాని గుర్తు ఎందుకు మారుతుందో తెలిసింది! ఎవరూ చెప్పలేదు, నాకే తెలిసింది!" ముఖం చేటంతైంది. నాకు ముక్క తెలియకపోయినా, "భలే! భలే!" అని ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఊపేశాను.

ఇక మూడో పరీక్ష దగ్గరపడింది. మా కాలేజీలో పునాది లెక్కల ప్రశ్నపత్రం టైపు చేసేది నేనే. ఇరవై మూడేళ్ళుగా నేనే. మేడం రాసిచ్చిన కాగితాలు చేతికొచ్చిన రోజే రికార్డు గది తాళం లైబ్రేరియన్‌కి ఇచ్చేశాను. పరీక్ష అయ్యేదాకా ఆ గడప తొక్కలేదు. సిగ్నలాయన ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయాను. అనుమానానికి తావు ఉండకూడదు. పేపరు కొట్టాను, మేడం రాతతో అక్షరం అక్షరం రెండుసార్లు సరిచూశాను, సీలు వేయించాను. నా టైపులో తప్పు పట్టినవాడు ఇంతవరకు పుట్టలేదని నాకు పొగరు కూడా ఉంది.

పరీక్ష రోజు పొద్దున్న పది గంటలు. పెద్ద హాలు, ఇంకా గట్టెక్కని నలభైమంది. అదనపు కాగితాల కట్ట పట్టుకుని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. కాపలా ఉన్నది రసాయన శాస్త్రం సారు, ఆయనకి పరీక్ష హాల్లో ఈగ కదిలినా పడదు. గంటసేపు అంతా సవ్యంగా నడిచింది. సిగ్నలాయన కలం ఆగకుండా పోతోంది. నాకు లోలోపల ఎంత ఆనందమో.

ఉన్నట్టుండి కలం ఆగింది. ఆయన పేపరు చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"సార్, ఏడో ప్రశ్న అర్థం కాలేదు."

"పరీక్షలో ప్రశ్న అర్థం కాకపోతే మీ ఖర్మ. కూర్చోండి."

"ఇది జరగదు సార్. లెక్క ఇలా కుదరదు."

"అందరూ రాస్తున్నారు, మీకొక్కరికే కుదరదా? కూర్చోకపోతే పేపరు లాక్కుంటాను."

ఇది మూడోసారి! పేపరు లాక్కుంటే అంతా పోయినట్టే. కూర్చోవయ్యా మహానుభావా, ఆ ఒక్క ప్రశ్నా వదిలేసి కూర్చో అని మనసులో మొత్తుకున్నాను. ఆయన కూర్చోలేదు. ఇరవై ఒక్క ఏళ్ళు పైవాడి మాట జవదాటనివాడు, రెండు చేతులూ బల్ల మీద ఆన్చి నిలబడే ఉన్నాడు.

"ఒక్కసారి లెక్కల మేడంని పిలవండి సార్. తర్వాత లాక్కోండి."

గొడవ విని పక్క గదిలోంచి మేడమే వచ్చింది. పేపరు తీసుకుని చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, ఇక్కడ మైనస్ ఉండాలి! ప్లస్ పడింది. ఆయన చెప్పింది నిజం, ఇది ఎవరు చేసినా రాదు. ఇరవై మార్కుల ప్రశ్న! ఇది ఎవరు..."

ఎవరు టైపు చేశారని అడగబోయి నన్ను చూసి ఆగిపోయింది. హాలంతా నా వైపు తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం రాతలో ఆ గీత కాస్త వంకరగా ఉంది, దాని పక్కన సిరా మరక. నాకు ప్లస్‌లా అందింది, ప్లస్ కొట్టాను. రెండుసార్లు సరిచూసినా అదే అందింది. ఆ గుర్తు అక్కడ ఏం చేస్తుందో తెలిసినవాడైతే తప్పు పట్టేవాడు. నాకేం తెలుసు! ఇరవై మూడేళ్ళుగా లెక్కల పేపర్లు కొడుతున్నాను, ఒక్క వరుసయినా అర్థం చేసుకుని కొట్టానా? ఎదటివాడిని బల్ల గుద్ది మరీ నిలదీశానే! నేను చేస్తున్నదీ అదే పని.

"నేనే," అన్నాను. "టైపు చేసింది నేను. తప్పు నాది."

సిగ్నలాయన నన్నప్పుడు చూశాడు. పాపం, ఆయనకి తెలియదు ఆ పేపరు నేను కొట్టానని. పేపరు చేతిలోకి తీసుకుని, "లేదు మేడం, నేనే తప్పు చదివానేమో... నాకే సరిగ్గా అందలేదేమో..." అని గొణగడం మొదలుపెట్టాడు. నన్ను కాయడానికి! తన సీటు పోయినా ఫరవాలేదన్నట్టు!

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆనందంతో వచ్చే కోపం కూడా ఒకటుంటుందని ఆరోజే తెలిసింది.

"నోరు ముయ్యండి! మీరు సరిగ్గానే చదివారు!" అని హాలు అదిరేలా అరిచాను. "సరిగ్గానే అర్థం చేసుకున్నారు! కూర్చుని రాయండి!"

ఆయన టక్కున కూర్చున్నాడు. మేడం బోర్డు మీద ప్రశ్న సరిచేసి రాసింది. అందరికీ ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చారు. అప్పటిదాకా ఆ ప్రశ్నకి రెండేసి పేజీలు రాసేసినవాళ్ళు తలలు పట్టుకుని, రాసిందంతా కొట్టేశారు. నేను బయటికి వచ్చి, వరండాలో గోడకి ఆనుకుని, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

పన్నెండో రోజు ఫలితాలొచ్చాయి. సిగ్నలాయనకి అరవై ఒకటి! జాబితా బోర్డుకి అంటిస్తుంటే నా చేతులకి జిగురంతా పూసుకుంది, అంత కంగారు. నర్సు మొదటిసారే గట్టెక్కేసింది, ఇప్పుడు మిగతా ఐదుగురూ పాసయ్యారు. వంటాయనకి సరిగ్గా నలభై ఒకటి వస్తే, "ఒకటి ఎక్కువే వచ్చింది, ఎవరికైనా కావాలా?" అని కాలేజీ అంతా అడుగుతూ తిరిగాడు. కుట్టుపనావిడ, ఈసారి టేపు లేకుండా, పరుగున వచ్చి ఊచల సందులోంచే నా చేతులు రెండూ పట్టుకుంది.

అదే రోజు నాకు ప్రిన్సిపాల్ గారి నుంచి మెమో వచ్చింది. ప్రశ్నపత్రంలో తప్పు ఎలా జరిగింది, వివరణ ఇవ్వండి అని. సర్వీసులో అదే మొదటి మెమో. దాన్ని పట్టుకుని ఆఫీసు గదిలో కూర్చుని ఉంటే సిగ్నలాయన వచ్చాడు. మెమో చూశాడు. ఏదో ఓదార్పు మాట అనబోయాడు.

"ఆ మాటలన్నీ వద్దు గానీ, కూర్చోండి," అన్నాను. "ఆ ఒక్క గీతకే అంత గొడవేమిటి? ప్లస్ పడితే ఎందుకు రాదు? నాకు చెప్పండి."

ఆయన మెమో వెనక్కి తిప్పి, కలం తీసి, వరుసలు రాశాడు. చెప్పాడు. నాకు ఎక్కలేదు. అర్థం కాలేదన్నాను. ఆయన మళ్ళీ ఇంకోలా చెప్పాడు. కాలేదన్నాను. మూడోసారి కూడా కాలేదు. నాకు నామీదే విసుగొచ్చి లేవబోయాను. ఆయనకి విసుగన్నదే లేదు. కాగితం పక్కకి పెట్టి, కాసేపు ఆలోచించి, నా డ్రాయర్లోంచి గుండుసూదుల డబ్బా తీసి బల్ల మీద పోశాడు.

"మేడం, ఇవన్నీ సున్నా కావాలి. బల్ల మీద ఏమీ మిగలకూడదు. మీరేమో కొన్ని పోశారు, ఇంకొన్ని కలిపారు, ఇంకొన్ని కలిపారు. ఎప్పటికైనా బల్ల ఖాళీ అవుతుందా?"

"కలుపుతూ పోతే ఎలా అవుతుంది? ఏదో ఒకటి తియ్యాలి గదా!" అన్నాను. అని, ఆగిపోయాను.

తియ్యాలి! ఆ గీత తీయడం! అందుకని మైనస్! ఓరి నాయనో, ఇంతేనా! ఇన్నేళ్ళూ నా చేతులతో కొట్టిన ఆ గీత ఇదా చేసేది! కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ఎదురుగా ఆయన ముఖం చూశాను. అరవై ఒకటి వచ్చిన జాబితా చూసినప్పుడు కూడా ఆయన అంత వెలిగిపోలేదు. ఆ క్షణంలో ఆయన నిజంగా మాస్టారు. నియామకపు కాగితం రావడానికి ఇంకా ఏళ్ళు పట్టొచ్చు, పట్టనీండి.

"ఇంకో లెక్క చెప్పండి మాస్టారూ," అన్నాను.

కిటికీ అవతల ఇరవైమంది క్యూ కట్టి కేకలు పెడుతున్నారు. నేను లేచి, తలుపు రెక్క దగ్గరగా వేసి, వచ్చి కూర్చున్నాను.